మాటరాని బిడ్డ చూపును కొలిచిన చరిత్ర

ముద్దనూరు స్టేషనులో ఆగి బయలుదేరిన రైలులో, కిటికీ పక్కన కూర్చున్న ప్రయాణికుని కళ్లను ఒకసారి గమనించండి. బయట స్తంభాలు ఒక్కొక్కటే వెనుకకు పోతుంటే అతని కళ్లు ఒక్కో స్తంభం వెంట మెల్లగా సాగి, చటుక్కున వెనుదిరిగి, తరువాతి స్తంభాన్ని పట్టుకుంటాయి. ఇది అతడు కావాలని చేసే పని కాదు. చూపు ఉన్నందువల్ల తనంతట తానే జరిగే పని. పూర్వపు వైద్యులు దీనికి రైలు పేరే పెట్టారు. మాటరాని పసిబిడ్డ చూపును పరీక్షించే మార్గాలలో ఒకటి ఈ కదలిక ఆధారంగానే ఏర్పడింది.

1862లో హాలెండు దేశపు వైద్యుడు స్నెల్లెన్ అక్షరాల పట్టికను ప్రకటించాడు. నేటికీ కంటి ఆసుపత్రి గోడ మీద కనిపించేది దాని సంతతే. అయితే ఆ పట్టిక జవాబు కోరుతుంది. జవాబు చెప్పలేని శిశువు విషయంలో పెద్దలు చిటికె వేసి, గిలక్కాయ ఆడించి, బిడ్డ తల తిప్పితే చూపు ఉన్నదని తృప్తిపడేవారు. ఇందులో ఒక దోషం ఉంది. గిలక్కాయకు తల తిప్పిన బిడ్డ విన్నదని మాత్రమే తేలుతుంది, చూసిందని కాదు.

ఇరవయ్యో శతాబ్దం మధ్యలో ఈ చిక్కు విడిపోసాగింది. 1957లో అమెరికా వైద్యులు శిశువుల కళ్లెదుట చారల పటాన్ని కదిలించి, రైలు ప్రయాణికునిలో కనిపించే కదలికనే వారి కళ్లలో వెదికారు. చారలు ఎంత సన్నబడేవరకు ఆ కదలిక నిలిస్తే చూపు అంత నిశితమైనదన్నమాట. ఆ కాలంలోనే రాబర్ట్ ఫాంట్జ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త మరొక సత్యాన్ని గ్రహించాడు. ఒకవైపు బోసి పటం, మరొకవైపు చారల పటం ఉంచితే శిశువు చారలనే ఎక్కువసేపు చూస్తుంది. 1970లలో సియాటిల్‌లో డేవిడా టెల్లర్ ఈ పరిశీలనను కొలతగా మలిచారు. పరీక్షకునికి చారలు ఏ వైపున ఉన్నాయో తెలియదు. బిడ్డ కళ్లను మాత్రమే చూసి అతడు చెప్పాలి. అతడు సరిగా చెప్పగలిగినంత వరకు బిడ్డకు ఆ చారలు కనిపిస్తున్నట్లే. ఆ తరువాత వచ్చిన అట్టలతో ఈ పరీక్ష కొద్ది నిమిషాల పని అయింది.

ఇంత తొందర ఎందుకన్న ప్రశ్నకు హ్యూబెల్, వీసెల్ అనే శాస్త్రజ్ఞులు 1960లలో సమాధానమిచ్చారు. పిల్లికూన ఒక కంటిని తొలి నెలలలో మూసి ఉంచి, తరువాత తెరిచినా, మెదడు ఆ కంటిని తిరిగి సరిగా స్వీకరించలేదు. పెద్ద పిల్లికి ఆ నష్టం కలగలేదు. 1981లో వారికి నోబెల్ బహుమతిలో భాగం లభించింది. కన్ను చూపుకు ద్వారం మాత్రమే. చూడడం నేర్చుకునేది మెదడు. ఆ నేర్పుకు ఒక గడువు ఉంది. పుట్టుకతో వచ్చిన శుక్లాన్ని బడికి వెళ్లే వయసులో తొలగించినా చూపు పూర్తిగా రాకపోవడానికి కారణం ఇదే.

ఈ చరిత్రలో మన తెలుగునేలకూ భాగముంది. హైదరాబాదులోని ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో ప్రేమ్‌నందిని సద్గుణం బృందం అర్ధగోళాకారపు గుమ్మటం వంటి పరికరాన్ని రూపొందించి, 2017లో ఆ వివరాలు ప్రచురించింది. బిడ్డను అందులో పడుకోబెట్టి, చీకటిలో ఒక్కొక్క దిక్కున చిన్న దీపాలు వెలిగిస్తారు. బిడ్డ కళ్లు, తల ఎటు తిరిగాయో కెమెరా నమోదు చేస్తుంది. చూపు ఎంత దూరం వ్యాపించిందో ఆ విధంగా తెలుస్తుంది.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పుట్టిన నాటి నుండే పిల్లలను పరీక్షించాలని నిర్దేశించింది. 2019లో మన రాష్ట్రంలో కంటి వెలుగు తొలుత బడిపిల్లలను పరీక్షించింది. మంచిదే. కాని బడికి చేరకముందే ముగిసే గడువును తల్లే కనిపెట్టాలి.

బిడ్డ పాలు తాగి మెలకువగా ఉన్నప్పుడు, చప్పుడు చేయని ఎర్రని ఉన్ని బంతిని ముఖానికి జానెడు దూరంలో మెల్లగా కదిలించండి. మూడు నెలలు నిండిన బిడ్డ దానిని చూపుతో వెంబడించాలి. ఒక కన్ను మూసినప్పుడు ఊరకుండి, రెండవది మూసినప్పుడు మాత్రం ఏడ్చి మీ చేతిని తోసివేస్తే, తెరిచి ఉన్న కంటికి చూపు తక్కువని అనుమానించాలి. నాలుగు నెలల తరువాత కూడా మెల్ల ఉంటే అది అదృష్టమని మురిసిపోవద్దు. కనుపాపలో తెల్లని మెరుపు కనిపిస్తే ఒక్క రోజు కూడా ఆగవద్దు. నెలలు నిండకుండా, తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకు పుట్టిన నెలలోపే కంటి వైద్యుని పరీక్ష అవసరం.

బిడ్డ నోరు విప్పి చెప్పలేదు. కాని ఆ కళ్లు తొలి వారాల నుండే జవాబు ఇస్తున్నాయి. ప్రశ్న అడగవలసింది మనమే.