పీఎంపీ పరీక్ష: అనుభవం ఉంటే చాలదు, ఆధారమూ ఉండాలి

మల్లాపూర్: గోదావరి తీరాన ఉన్న మల్లాపూర్ మండలంలోను, చుట్టుపక్కల కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల్లోను గల్ఫ్‌ బాట పట్టినవారు లేని ఊరు అరుదు. వారిలో కూలీలుగా, మేస్త్రీలుగా వెళ్లినవారే ఎక్కువ. పాలిటెక్నిక్, ఇంజినీరింగ్ చదివి సైట్ సూపర్‌వైజర్లుగా, సైట్ ఇంజినీర్లుగా ఎదిగిన వారూ ఉన్నారు. ఆపై మెట్టు ఎక్కాలంటే నిర్మాణ కంపెనీలు తరచూ అడుగుతున్న అర్హత పీఎంపీ. ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ప్రొఫెషనల్ అనేది దాని పూర్తి పేరు. పరీక్ష కఠినమైనదే. అయితే ఈ ప్రాంత అభ్యర్థికి అసలు చిక్కు ప్రశ్నపత్రం కంటే ముందే, దరఖాస్తు వద్ద ఎదురవుతుంది.

అమెరికాలో 1969లో ఏర్పడిన ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ (పీఎంఐ) 1984లో ఈ ధ్రువపత్రాన్ని ప్రారంభించింది. ప్రపంచవ్యాప్తంగా పది లక్షలకు పైగా దీనిని సాధించారు. 2021 జనవరిలో అమలులోకి వచ్చిన పద్ధతి ప్రకారం నాలుగేళ్ల డిగ్రీ ఉన్నవారికి 36 నెలలు, ఇంటర్, డిప్లొమా స్థాయి చదువు ఉన్నవారికి 60 నెలలు ప్రాజెక్టులను నడిపించిన అనుభవం ఉండాలి. దానికి తోడు 35 గంటల శిక్షణ పొందాలి. ఇంట్లో పుస్తకం చదువుకున్న గంటలు ఈ లెక్కలోకి రావు. ఆన్‌లైన్ శిక్షణ మాత్రం చెల్లుతుంది కనుక అందుకోసం హైదరాబాద్‌లో గది అద్దెకు తీసుకోవలసిన పని లేదు.

అనుభవం అంటే ఏమిటి?

ఇక్కడే చాలామంది పొరబడతారు. నిత్యం జరిగే పని ప్రాజెక్టు కాదు. మొదలు, ముగింపు ఉన్న పని మాత్రమే ప్రాజెక్టు. సిరిసిల్లలో మరమగ్గాలపై రోజూ బట్ట నేయడం ఉత్పత్తి కిందికి వస్తుంది. 2017లో మొదలైన బతుకమ్మ చీరల ఆర్డరులా ఇన్ని చీరలు, పండుగకు ముందే అప్పగించాలి అని గడువు పెట్టి చేయించేది ప్రాజెక్టు లక్షణాలున్న పని. 2015 డిసెంబరులో మూతపడిన ముత్యంపేట చక్కెర కర్మాగారాన్నే తీసుకుంటే, ఏటా చెరకు గానుగ ఆడించడం నిత్యకృత్యం. అటువంటి కర్మాగారంలో కొత్త బాయిలర్ బిగించడం ప్రాజెక్టు.

హోదా పేరులో మేనేజర్ అని ఉండాలన్న నియమం లేదు. పనిని నడిపించి ఉండాలి, అంతే. ఒకే నెలలో రెండు ప్రాజెక్టులు చేసినా అది ఒక నెలగానే లెక్క. ఎప్పుడో పదిహేనేళ్ల కిందటి పనిని చూపితే చెల్లదు.

దరఖాస్తుల్లో కొన్నింటిని పీఎంఐ తనిఖీకి ఎంపిక చేస్తుంది. అప్పుడు ప్రతి ప్రాజెక్టుకూ నాటి పైఅధికారి గానీ, ఆ పని ఎరిగిన మరొకరు గానీ ధ్రువీకరించాలి. దమ్మామ్‌లో రెండేళ్లు, దోహాలో మూడేళ్లు, తిరిగి మస్కట్‌లో ఏడాది పనిచేసిన వ్యక్తికి ఇది సులభం కాదు. ఒక అధికారి స్వదేశానికి వెళ్లిపోయి ఉంటారు, మరో కంపెనీ మూతపడి ఉంటుంది. కాబట్టి కంపెనీ మారేటప్పుడే ప్రాజెక్టు పేరు, తేదీలు, తన బాధ్యతలతో కూడిన లేఖను, అధికారి ఈమెయిల్‌ను తీసి పెట్టుకోవాలి. ఇప్పుడు గల్ఫ్‌లో ఉన్నవారు పరీక్ష సంగతి తర్వాత చూసుకున్నా, ఈ లేఖల సంగతి మాత్రం వాయిదా వేయరాదు.

పేరు విషయంలోనూ జాగ్రత్త అవసరం. పదో తరగతి ధ్రువపత్రంలో ఇంటిపేరు పొడి అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా ఉండటం మన దగ్గర మామూలే. పరీక్ష రోజు చూపే గుర్తింపు పత్రంలో ఉన్నట్లే దరఖాస్తులోనూ పేరు ఉండాలి. లేకుంటే లోనికి అనుమతించరు.

లెక్క పాతదే, పేరు కొత్తది

పాఠ్యాంశాల్లో అభ్యర్థులను భయపెట్టేది 'ఎర్న్‌డ్ వాల్యూ'. కోరుట్లలో 20 లక్షల రూపాయల అంచనాతో ఇల్లు కడుతున్నారనుకుందాం. నేటికి 10 లక్షల విలువైన పని జరగవలసి ఉంది. 8 లక్షల విలువైన పనే జరిగింది. ఖర్చు 12 లక్షలైంది. జరిగిన పనిని జరగవలసిన పనితో భాగిస్తే 0.8 వస్తుంది. అంటే పని వెనుకబడింది. ఖర్చుతో భాగిస్తే సుమారు 0.67. రూపాయి పెడితే 67 పైసల పనే దక్కిందన్నమాట. ఇదే తీరు సాగితే ఇల్లు పూర్తయ్యేసరికి 30 లక్షలవుతుంది. ఇల్లు కట్టించిన వారెవరికైనా ఈ అనుభవం తెలిసిందే.

నిజానికి ఇటువంటి లెక్కలు పరీక్షలో కొద్దిగానే ఉంటాయి. ఎక్కువ ప్రశ్నలు సందర్భాన్ని చెప్పి, మీరు మొదట ఏం చేస్తారని అడుగుతాయి. పని సగంలో ఉండగా యజమాని అదనంగా మరో గది కావాలన్నాడు. సైటులో అలవాటు ప్రకారం సరేనని పునాది తవ్విస్తారు. పరీక్ష కోరే జవాబు వేరు: ఖర్చు, గడువులపై దాని ప్రభావాన్ని ముందుగా అంచనా వేసి, మార్పును పద్ధతి ప్రకారం ఆమోదానికి పంపాలి. ఇద్దరు ఉద్యోగులు గొడవపడితే పైఅధికారికి ఫిర్యాదు చేయడం కాక, ముందు వారితో మాట్లాడాలి. ఏళ్ల అనుభవం ఉన్నవారు తప్పిపోయేది ఇక్కడే. తమ సైటులో జరిగేదాన్ని జవాబుగా గుర్తిస్తారు. మాదిరి పరీక్షలు రాసి, ప్రతి తప్పుకూ కారణం చదివితే గాని ఈ అలవాటు పోదు.

తెలుగులో ప్రశ్నపత్రం లేదు. ఇంగ్లిష్ చదివే వేగం పెంచుకోక తప్పదు. 2021 పద్ధతిలో 230 నిమిషాల్లో 180 ప్రశ్నలు, అంటే ప్రశ్నకు 76 సెకన్లు. 60, 120 ప్రశ్నల తర్వాత పది నిమిషాల చొప్పున విరామం ఇస్తారు. విరామం తర్వాత వెనుకటి ప్రశ్నలకు వెళ్లే వీలుండదు. తప్పు జవాబుకు మార్కుల కోత లేదు కనుక ఏ ప్రశ్ననూ వదలకూడదు. ఉత్తీర్ణతకు ఇన్ని మార్కులని పీఎంఐ ప్రకటించదు. ఏడాదిలో మూడుసార్లు రాయవచ్చు.

2026 జులై నుంచి పరీక్షను మార్చుతున్నట్లు పీఎంఐ ప్రకటించింది. అందులో వ్యాపార వాతావరణానికి సంబంధించిన ప్రశ్నల వాటాను 8 నుంచి 26 శాతానికి పెంచింది. పాత పుస్తకాలు కొనేముందు పీఎంఐ వెబ్‌సైట్‌లోని పరీక్షాంశాల పత్రాన్ని, రుసుమును చూసుకోవడం మేలు. పరీక్ష రాయకుండానే ధ్రువపత్రం ఇప్పిస్తామనే దళారులకు డబ్బు కడితే అది పోయినట్టే. గల్ఫ్ వీసాల పేరిట ఇటువంటి మాటలు ఈ ప్రాంతం ఎన్ని వినలేదు!

2007లో నాచుపల్లిలో ఏర్పాటైన జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కళాశాల వంటి చోట్ల చదువుతున్న విద్యార్థులకు అనుభవం ఉండదు. వారు ముందుగా సీఏపీఎం అనే చిన్న ధ్రువపత్రానికి వెళ్లవచ్చు. దానికి అనుభవం అడగరు, 23 గంటల శిక్షణ చాలు. అది ఉంటే తర్వాత పీఎంపీకి కావలసిన 35 గంటల శిక్షణ నుంచి మినహాయింపు లభిస్తుంది. పీఎంపీ వచ్చినవారు మూడేళ్లకోసారి 60 అభ్యసన పాయింట్లు చూపి పునరుద్ధరించుకోవాలి.