పులుసు తినేసిన గిన్నెలు

గుంటూరు ప్రాంతంలో పెదకూరపాడు, సత్తెనపల్లి వైపు ఏ ఇంట్లో భోజనానికి కూర్చున్నా ఏదో ఒక పులుపు తగలందే ముద్ద దిగదు. గోంగూర, చింతచిగురు, చింతపండు పులుసు, మజ్జిగ పులుసు. కారానికి పేరుపడ్డ సీమే అయినా, ఇక్కడి వంటింట్లో గిన్నెలను మార్పించింది మాత్రం పులుపే. కారం నాలుకను కాలుస్తుంది, పులుపు గిన్నెను తింటుంది.

మట్టికుండకు ఆ భయం లేదు. రాచ్చిప్పకూ లేదు. రాతిని తొలిచి చేసిన ఆ చిప్పలో పులుసు, పొయ్యి మీంచి దించాక కూడా కాసేపు కుతకుతమంటూనే ఉంటుంది. కాకపోతే రెండూ చెయ్యి జారితే పోయినట్టే. కలిగిన ఇళ్ళు ఇత్తడి కొనుక్కున్నాయి. ఇత్తడిలో రాగి ఉంది. చింతపండు తగిలితే అది చారులోకి దిగుతుంది, చారు చిలుమెక్కుతుంది, తిన్నవాళ్ళకు వాంతులు.

దానికి మందు కళాయి. కళాయి వేసేవాడి కేక వినపడగానే డేగిసాలూ గుండిగలూ అరుగు మీదికి చేరేవి. తిత్తి ఊదుతూ గిన్నెను కాచి, నవాసాగరం చల్లి, తగరం ముక్క రాసి, గుడ్డతో చుట్టూ తుడిస్తే లోపలంతా వెండిలా తేలేది. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది కనుక ఆ పని చెట్టు కిందే అయిపోయేది. అదే దాని లోపం కూడా. ఖాళీ గిన్నెను పొయ్యి మీద మరిచిపోతే కళాయి కరిగి కారిపోతుంది.

1898లో మద్రాసు స్కూల్ ఆఫ్ ఆర్ట్స్‌లో ఆల్‌ఫ్రెడ్ చాటర్‌టన్ అల్యూమినియం పాత్రల తయారీ మొదలుపెట్టాడు. గుంటూరు ప్రాంతం అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోదే. మన నోట్లో సత్తు గిన్నెలైనవి ఆ అల్యూమినియం పాత్రలే. తేలిక, చవక, కళాయి బెడద లేదు. కానీ ఉప్పూ పులుపూ కలిస్తే సత్తూ లొంగుతుంది. రాత్రి పులుసు అందులోనే ఉంచి పొద్దున చూడండి, లోహపు వాసన కొడుతుంది.

ఈ లోహపు గిన్నెల వరసలో పులుపుకు లొంగనిది పింగాణీ పూత గిన్నె, ఎనామిల్ గిన్నె. ఉక్కు రేకు మీద గాజు పొడి పూసి, దాదాపు 800 డిగ్రీల బట్టీలో కరిగించి అతికిస్తారు. అంటే వంట జరిగేది గాజులో, బరువు మోసేది ఉక్కు. ఇనుము మీద ఈ పూత 18వ శతాబ్దంలో జర్మనీలో మొదలైంది. తర్వాత ఆస్ట్రియా, జర్మనీ, జపాన్ సరుకు మన రేవుల్లో దిగింది. కలకత్తా దగ్గర బెంగాల్ ఎనామిల్ వర్క్స్ లాంటి స్వదేశీ కంపెనీలూ పుట్టాయి. నీలం అంచు తెల్ల పళ్ళేలు, మగ్గులు, ఆసుపత్రి బేసిన్లు అన్నీ ఆ కుటుంబమే.

మరి మన పొయ్యి మీద ఎందుకు నిలవలేదు? నన్నడిగితే తప్పు గిన్నెది కాదు, మన తోముడుది. బూడిద, ఇసుక, కొబ్బరిపీచు పట్టి రుద్దితే ఏ గాజు మాత్రం ఉంటుంది? బావిగట్టుకు ఒక్క దెబ్బ తగిలితే పెచ్చు ఊడి, నల్లటి ఇనుము బయటపడి తుప్పు పట్టేది. మడి పాటించే ఇళ్ళలో ఇంకో పేచీ. లోహాన్ని తోమి శుద్ధి చేసుకోవచ్చు, పింగాణీ మట్టి జాతి. పైగా ఆసుపత్రిలో బేసిన్‌ను చూసిన కళ్ళు అలాంటి గిన్నెలో చారు కాచుకోవడానికి ఒప్పుకోవు. ఈలోగా పాత బట్టలకు స్టీలు గిన్నెలిచ్చే బుట్టలు వీధుల్లోకి వచ్చాయి. ఇత్తడి గుండిగలు తూకానికి వెళ్ళిపోయాయి.

ఇండక్షన్ పొయ్యి వచ్చాక ఎనామిల్‌కు మళ్ళీ గిరాకీ. లోపలున్నది ఉక్కు కదా, దాని మీద చక్కగా కాగుతుంది. కొనేముందు అంచు చుట్టూ వేలు తిప్పి చూడండి, పెచ్చులు మొదలయ్యేది అక్కడే. పిడి అతికిన చోటా చూడండి. అడుగు బల్లపరుపుగా ఉండాలి. చేతికి బరువు తెలియాలి, పలచటి రేకు సొట్టపడితే పూత పగులుతుంది. పల్నాటి బ్రహ్మనాయుడు అన్ని కులాలవారినీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టి చాపకూడు పెట్టిన సీమ కదా అని పెద్దది తెచ్చుకోకండి. నలుగురికి అయిదు లీటర్లది చాలు, నిండా పులుసుతో దాన్ని దించాల్సింది మీరే. ఖాళీగా కాచకూడదు, కాగినదాని మీద చన్నీళ్ళు పోయకూడదు, చెక్క గరిటె వాడాలి.

పులుసు, చారు, ఎముకల రసం, ఏదైనా నిశ్చింతగా కాచుకోవచ్చు. ముద్దపప్పు మాత్రం అందులో వద్దు, మంట తగిలినచోటే కాగి అడుగంటుతుంది. దానికి అటక మీది ఇత్తడి గిన్నె దించుకోండి. కళాయి వేసేవాడు ఏ ఊళ్ళో మిగిలాడో ముందు కనుక్కోండి.