తెలుగువారి పెరటి పూలు

ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో ఇంటి వెనుక పెరటిలోను, ముంగిట తులసికోట చుట్టూ, బావి గట్టు ప్రక్కన, ఇటీవలి కాలంలో మేడపైన కుండీలలోను పెంచుకొనే పూల మొక్కలను పెరటి పూలు అంటారు. నిత్య పూజకు, స్త్రీలు జడలో తురుముకొనుటకు, పండుగలలో గుమ్మానికి, గొబ్బెమ్మకు, బతుకమ్మకు ఈ పూలను వాడుతారు. తెలుగు పండుగలలో చాలావాటికి ఒక్కొక్క పువ్వుతో సంబంధం ఉన్నది. ఆ పువ్వు సరిగ్గా ఆ నెలలోనే పూయడమే ఇందుకు ముఖ్య కారణం.

పూసే కాలం, దాని కారణాలు

పంచాంగం ప్రకారం సంవత్సరానికి ఆరు ఋతువులు. అయితే పెరటి మొక్కలకు వర్తించేవి వాడుకలోని మూడు కాలాలే: ఎండాకాలం, వానాకాలం, చలికాలం. ఉదాహరణకు జ్యేష్ఠ, ఆషాఢ మాసాలు గ్రీష్మ ఋతువుగా లెక్క. కాని నైరుతి ఋతుపవనాలు సాధారణంగా జూన్ నెలలోనే రాష్ట్రాలలో ప్రవేశిస్తాయి కనుక ఆషాఢంలో జాజితీగ వానాకాలపు పూత మొదలు పెడుతుంది. నెల్లూరు, చిత్తూరు ప్రాంతాలకు ఈశాన్య ఋతుపవనాల వలన అక్టోబరు, నవంబరు నెలలలో కూడా గట్టి వానలు పడతాయి. అక్కడ వానాకాలపు పూలు మరికొంత కాలం ఉంటాయి.

మొక్క ఎప్పుడు పూయాలో నిర్ణయించేవి ప్రధానంగా మూడు: నీరు లేక కొంతకాలం విశ్రాంతిగా ఉండి మరల నీరు అందడం, వాన, రాత్రి నిడివి. మల్లె మొదటి దానికి, జాజి రెండవ దానికి, చామంతి మూడవ దానికి మంచి ఉదాహరణలు.

ఎండాకాలం

వేసవి పూలలో మల్లెది మొదటి స్థానం. దీని శాస్త్రీయ నామం జాస్మినం సాంబాక్. గుండుమల్లె, దొంతరమల్లె వంటి రకాలు ఉన్నాయి. 2018లో ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వం మల్లెను రాష్ట్ర పుష్పంగా ప్రకటించింది. ఫిలిప్పీన్స్ దేశపు జాతీయ పుష్పం కూడా ఇదే.

మల్లె మొగ్గలు కొత్త చిగుళ్ళ చివరలలో వస్తాయి. పాత కొమ్మను అలాగే వదిలితే ఆకు గుబురుగా పెరుగుతుంది గాని పూత తక్కువగా ఉంటుంది. అందుచేత మార్గశిరంలో నీరు పెట్టడం తగ్గించి, పుష్యమాసం ప్రాంతంలో కొమ్మలను మోకాలి ఎత్తుకు కత్తిరించి, మిగిలిన ఆకును కూడా దూస్తారు. కొన్నాళ్ళ తరువాత పాదు తవ్వి, పశువుల ఎరువు వేసి నీరు కడతారు. మోడువలె ఉన్న ఆ కొమ్మలనుండి వచ్చిన చిగుళ్ళే ఫాల్గుణం చివరకు మొగ్గ తొడుగుతాయి. మార్చి నుండి జూన్ వరకు పూత విరివిగా ఉంటుంది. మల్లె పూయడం లేదని నీరు, ఎరువు ఎక్కువ చేసేవారు చాలామంది ఉంటారు. నిజానికి ఆ మొక్కకు అవసరమైనది కత్తెర.

మల్లె మొగ్గ సాయంకాలం విచ్చుకొంటుంది. సువాసననిచ్చే పదార్థాలు విచ్చుకొనే సమయంలోనే వెలువడతాయి కాబట్టి మొగ్గలను ముందుగానే కోసి మాల కట్టి, తడిగుడ్డలో ఉంచడం వాడుక. వానలు మొదలైన తరువాత మొగ్గ తొలిచే పురుగు ఆశిస్తుంది. అప్పుడు మొగ్గలు ఊదారంగుకు తిరిగి, విచ్చకుండానే రాలిపోతాయి. ఇటువంటి మొగ్గలను ఏరి దూరంగా పారవేయాలి. పాదులోనే వదిలితే పురుగు మరల మొక్కకు చేరుతుంది.

ఎండలోనే బాగా పూసే మరొక మొక్క కాగితం పూల తీగ. ఇది దక్షిణ అమెరికా నుండి వచ్చినది. రంగుగా కనిపించేవి రేకులు కావు, పువ్వును అంటిపెట్టుకొని ఉండే పత్రాలు. అసలు పువ్వు వాటి నడుమ సన్నగా, తెల్లగా ఉంటుంది. నీరు ఎక్కువైతే ఈ తీగ ఆకు వేస్తుంది, ఎండగడితే పూస్తుంది.

రాధామనోహరం తీగ వేసవి చివరనుండి వానాకాలం వరకు పూస్తుంది. సాయంత్రం విచ్చినప్పుడు తెల్లగా ఉండే పువ్వు మరునాటికి గులాబి రంగుకు, ఆ తరువాత ఎరుపుకు మారుతుంది. ఒకే గుత్తిలో మూడు రంగులు కనిపించడానికి కారణం ఇదే. మొదటి రాత్రి తెల్లని పూల వద్దకు చిమ్మెటలు వస్తాయి.

ఉగాది పచ్చడికి కావలసిన వేపపూత చైత్రం నాటికి సిద్ధమవుతుంది. వేపను పూల మొక్కగా ఎవరూ లెక్కించరు గాని, సంవత్సరంలో మొదటి పండుగ ఆ పూతతోనే మొదలవుతుంది.

వానాకాలం

జాజి, సంపెంగ, శంఖుపుష్పం, కాశీరత్నం ఈ కాలంలో విరివిగా పూస్తాయి. సింహాచలం సంపెంగలకు ప్రసిద్ధి. వినాయక చవితి నాటి ఇరవై యొక్క పత్రులలో జాజి, గన్నేరు, మరువం ఆకులు కూడా ఉన్నందున ఈ మొక్కలు ఒక్కొక్కటైనా పెరటిలో ఉండడం పూర్వం సామాన్యం.

పారిజాతం శ్రావణ భాద్రపదాలలో మొదలై చలికాలం వరకు పూస్తుంది. మల్లె, జాజి చేరిన కుటుంబమే దీనిదీ. రాత్రి విచ్చి, తెల్లవారకముందే రాలిపోతుంది. క్రింద పడిన పువ్వును పూజకు వాడరాదన్న నియమం ఈ ఒక్క పువ్వుకు వర్తించదు. చెట్టు క్రింద ముందురోజే అలికి ముగ్గు వేయడం, లేదా గుడ్డ పరచడం ఆచారం. నారింజ రంగు కాడలనుండి బట్టలకు అద్దకపు రంగు తీసేవారు.

చంద్రకాంత గింజ ఒకసారి పడితే ప్రతి ఏటా వానలకు తానే మొలుస్తుంది. సాయంకాలం సుమారు నాలుగు గంటల తరువాత విచ్చుకొంటుంది. వృక్షశాస్త్ర విద్యార్థులకు ఇది మరొక విధంగా పరిచితము. ఎరుపు, తెలుపు పూల మొక్కలను సంకరపరచగా గులాబి రంగు పూలు రావడాన్ని జర్మన్ శాస్త్రవేత్త కార్ల్ కారెన్స్ ఈ మొక్కలోనే పరిశీలించాడు. పాఠ్యపుస్తకాలలో అసంపూర్ణ బహిర్గతత్వానికి ఇచ్చే ఉదాహరణ ఇదే.

బతుకమ్మ పూలు

భాద్రపద అమావాస్య నాటి ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై దుర్గాష్టమి నాటి సద్దుల బతుకమ్మ వరకు తొమ్మిది రోజులు జరిగే ఈ పండుగ వానలు తగ్గి పూలు నిండుగా ఉన్న సమయంలో వస్తుంది. 2014లో తెలంగాణ ప్రభుత్వం దీనిని రాష్ట్ర పండుగగా, తంగేడును రాష్ట్ర పుష్పంగా ప్రకటించింది.

బతుకమ్మలో పేర్చే పూలన్నీ పెరటివి కావు. బంతి, పట్టుకుచ్చు, గుమ్మడిపూలు పెరటిలోనివి. తంగేడు, గునుగు మాత్రం ఎవరూ నాటనివి. తంగేడు బీడు భూములలో, గునుగు మెట్ట చేలలో కలుపుగా పెరుగుతాయి. రైతుకు గునుగు కలుపు, పండుగకు అదే ముఖ్యమైన పువ్వు. చేలలో కలుపు మందుల వాడకం పెరగడం, పట్టణాల చుట్టూ బీడు భూములు ఇళ్ళ స్థలాలుగా మారడం వలన ఈ రెండూ ఊరికి దూరమవుతున్నాయి. హైదరాబాదు వంటి చోట్ల వీటిని కట్టలుగా కొనుక్కోవలసి వస్తున్నది. పెరటిలో కొన్ని గునుగు గింజలు చల్లుకొంటే మొలుస్తాయి గాని, ఆ అలవాటు ఇంకా అంతగా లేదు. అమెరికాలో సెప్టెంబరు, అక్టోబరు నెలలలో చామంతి కుండీలు దుకాణాలలో విరివిగా దొరుకుతాయి. అక్కడి తెలుగువారు బతుకమ్మను వాటితో పేర్చుకొంటారు.

బంతి మెక్సికో ప్రాంతపు మొక్క. అది లేని దసరా తోరణాన్ని నేడు ఊహించలేము. వానలకు గింజ చల్లితే సుమారు రెండు నెలలలో పూతకు వస్తుంది. బంతి వేర్లనుండి వెలువడే పదార్థాలు నులిపురుగులను అణచివేస్తాయి. వంగ, టమాటా మడుల అంచున బంతి నాటడం ఇందుకే.

చలికాలం

చామంతి రాత్రి పొడవును బట్టి పూసే మొక్క. రాత్రి నిడివి ఒక హద్దు దాటిన తరువాతనే ఇది మొగ్గ తొడుగుతుంది. అందువలన సాధారణంగా కార్తీకం నుండి మాఘం వరకు పూత ఉంటుంది. మొక్కలకు గల ఈ లక్షణాన్ని 1920లో అమెరికాకు చెందిన గార్నర్, అలార్డ్ అనే శాస్త్రవేత్తలు వివరించారు. రాత్రి మధ్యలో కొంతసేపు దీపం వెలిగినా మొక్క దానిని పొడవైన రాత్రిగా గుర్తించదు. వీధి దీపం క్రింద ఉన్న చామంతి ఆకు ఏపుగా పెరిగి, సంక్రాంతికి కూడా మొగ్గ వేయకపోవడానికి కారణం తెగులు కాదు, ఆ వెలుతురే. కుండీని గోడ చాటుకు జరిపితే సరిపోతుంది. వాణిజ్య సాగులో దీపాలు పెట్టి పూతను ఆలస్యం చేయడం, నల్లని పరదా కప్పి ముందుకు తేవడం కూడా ఉన్నది.

ధనుర్మాసంలో గొబ్బెమ్మలపై గుమ్మడిపూలు, బంతి, చామంతి గుచ్చుతారు. గుమ్మడిలో పిందె క్రింద ఉండని మగపూలను కోస్తే కాపుకు పెద్దగా నష్టం లేదు, అయితే పరాగానికి కొన్నిటిని వదలాలి. నెల పేరుతోనే పిలువబడే డిసెంబరు పూలు ఈ కాలపువే. వీటికి వాసన లేదు. కనకాంబరాలతో కలిపి మాల కడతారు. ఈ రెండూ ఒకే కుటుంబానికి చెందినవి. గులాబీని అక్టోబరులో కత్తిరిస్తే చలికాలమంతా మంచి పూలు ఇస్తుంది.

ఏడాది పొడవునా పూసేవి

మందారం, నందివర్ధనం, గన్నేరు, బిళ్ళగన్నేరు, కనకాంబరం దాదాపు అన్ని నెలలలోను పూస్తాయి. మందార పువ్వు సాధారణంగా ఒక రోజే ఉంటుంది. కనకాంబరపు ఎండుకాయపై నీటి చుక్క పడగానే అది చిటిలి గింజలు చిమ్ముతుంది, పిల్లలకు ఇది మంచి ఆట. బిళ్ళగన్నేరు మడగాస్కర్ దీవికి చెందినది. దీనినుండి తీసిన విన్‌క్రిస్టీన్, విన్‌బ్లాస్టీన్ అనే మందులను రక్త క్యాన్సరుతో సహా పలు క్యాన్సర్ల చికిత్సలో వాడుతారు. అంతమాత్రాన ఆకును ఇంటిలో నమలడం మంచిది కాదు.

బ్రహ్మకమలం

వానాకాలంలో ఒక రాత్రి విచ్చి తెల్లవారేసరికి వాడిపోయే పెద్ద తెల్లని పువ్వును తెలుగునాట బ్రహ్మకమలం అంటారు. ఇది మధ్య అమెరికా ప్రాంతపు కాక్టస్ జాతి మొక్క. హిమాలయాలలో పెరిగే బ్రహ్మకమలం వేరు, అది పొద్దుతిరుగుడు కుటుంబానికి చెందినది. తెలుగు ఇళ్ళ కుండీలలో పూసేది మొదటిదే.

విషపూరితమైనవి

గన్నేరు, పచ్చగన్నేరు మొక్కలలో అన్ని భాగాలూ విషపూరితాలు. వీటిలోని పదార్థాలు గుండె కొట్టుకొనే తీరును దెబ్బతీస్తాయి. పచ్చగన్నేరు గింజలు మరింత ప్రమాదకరం. ఆ కాయలు ఆకుపచ్చగా, నునుపుగా ఉండి పిల్లలను ఆకర్షిస్తాయి. ఉమ్మెత్త కూడా విషమే. చిన్నపిల్లలు, పశువులు తిరిగే పెరటిలో వీటిని కంచె బయట నాటుకొని, రాలిన కాయలను ఎప్పటికప్పుడు తీసివేయాలి. కత్తిరించిన కొమ్మలను పశువుల మేతలో కలవనీయరాదు, వంటచెరకుగా కాల్చరాదు. పొరపాటున ఎవరైనా తింటే ఇంటి వైద్యం చేయకుండా వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. తిన్న కాయను లేదా ఆకును వెంట తీసుకొని వెళితే వైద్యులు విషాన్ని త్వరగా గుర్తించగలుగుతారు.