గోడపత్రిక అడుగున చిన్న పంక్తి

ఎన్నికల గోడపత్రికలో జనం గుర్తు చూస్తారు, బొమ్మ చూస్తారు, పెద్దక్షరాలు చదువుతారు. అడుగున చీమతలకాయంత అక్షరాల్లో ఉండే పంక్తిని మాత్రం ఎవరూ చదవరు. ఫలానా ప్రెస్సులో అచ్చయింది, ఫలానావారు ప్రచురించారు అని చెప్పే పంక్తి అది. సాహిత్యం చదువుకున్నవాళ్లకు ఇది ఆశ్వాసాంత గద్యను గుర్తుకు తెస్తుంది. అక్కడ కవి తన పేరు, తండ్రి పేరు సగర్వంగా చెప్పుకుంటాడు. తాటాకు ప్రతి చివర లేఖకుడు కూడా తన పేరు రాసుకున్నాడు. అయితే అవి ఇష్టపడి చెప్పుకున్న పేర్లు. గోడపత్రిక మీది పేరు ప్రభుత్వం చెప్పించిన పేరు. ఎవరు చెప్పించారు, ఎందుకు చెప్పించారు అన్నదే నేనిక్కడ పరిశీలించదలచిన విషయం.

ఈ పంక్తి పుట్టుక ప్రజాస్వామ్యంలో లేదు. 1799 మే నెలలో, శ్రీరంగపట్నం పతనమైన రోజుల్లోనే, గవర్నర్ జనరల్ వెల్లస్లీ కలకత్తా పత్రికలకు కొన్ని నిబంధనలు విధించాడు. వాటిలో మొదటిది: పత్రిక అడుగున ముద్రాపకుడు తన పేరు అచ్చువేయాలి. ఆదివారం పత్రిక రాకూడదనీ, ప్రభుత్వ కార్యదర్శి చూడనిదే ఏదీ వెలువడకూడదనీ మిగతా నిబంధనలు. మీరినవాణ్ణి ఓడ ఎక్కించి ఐరోపాకు పంపేస్తారు. అదే ఏడు జులైలో లండన్ పార్లమెంటు కూడా అటువంటి చట్టమే చేసింది. థామస్ హార్డీ అనే చెప్పులు కుట్టే కార్మికుడు 1792లో స్థాపించిన లండన్ కరెస్పాండింగ్ సొసైటీని ఆ చట్టం పేరుపెట్టి మరీ నిషేధించింది. ఆ సంఘం అడిగినదల్లా ప్రతి వయోజన పురుషుడికీ ఓటు. ఇకమీదట అచ్చయంత్రం ఉన్నవాడు ఆ సంగతి అధికారులకు తెలియజేయాలి. అచ్చయిన ప్రతి కాగితం మీద తన పేరు, చిరునామా వేయాలి. వేయకపోతే ప్రతి ఒక్క ప్రతికీ 20 పౌన్ల జుల్మానా. వెయ్యి కరపత్రాలు వేసినవాడి గతేమిటో పాఠకులే లెక్క కట్టుకోవచ్చు. కరపత్రం రాసినవాడు దొరక్కపోయినా, సీసపు అక్షరాలు, బరువైన యంత్రం ఉన్న ముద్రాపకుడు పారిపోలేడు. అతన్ని పట్టుకుంటే చాలునన్నది పాలకుల ఎత్తుగడ.

మనదేశంలో 1835 నాటి మెట్‌కాఫ్ చట్టం లైసెన్సు పద్ధతిని తీసేసింది గాని ఈ పంక్తిని తీయలేదు. 1857 తిరుగుబాటు తర్వాత పదేళ్లకు, 1867లో వచ్చిన ప్రెస్సు, పుస్తకాల రిజిస్ట్రేషను చట్టం మూడవ సెక్షను దాన్ని స్థిరపరచింది. మనం చదివిన ప్రతి పుస్తకం మీదా ముద్రణాలయం పేరు ఉండడానికి మూలం ఆ సెక్షనే.

ఈ పంక్తికి రెండో అర్థం వచ్చింది 1883లో. అంతకు పదకొండేళ్ల ముందు, 1872లో, ఇంగ్లండులో రహస్య బాలెట్ వచ్చింది. ఓటరు తన మొగ్గు భూస్వామికి కనబడకుండా దాచుకోగలిగాడు. డబ్బున్నవాడు ఖర్చు మాత్రం తగ్గించలేదు. కనుక 1883 అవినీతి నిరోధక ఎన్నికల చట్టం అభ్యర్థి ఖర్చుకు పరిమితి పెట్టి, ఎన్నికకు సంబంధించిన ప్రతి పోస్టరు మీదా ముద్రాపకుడి, ప్రచురణకర్త పేర్లు, చిరునామాలు ఉండి తీరాలంది. ఇక్కడ వెతుకుతున్నది రాజద్రోహిని కాదు, పోస్టరు వెనక ఉన్న సంచిని. పంక్తి అదే, పని మారింది. ఈ మార్పును గుర్తించని చర్చ నాకు నిష్ప్రయోజనంగా తోస్తుంది.

1951 ప్రజాప్రాతినిధ్య చట్టం ఈ రెండో అర్థాన్నే తీసుకుంది. పేర్లులేని పోస్టరును 125వ సెక్షను అక్రమ పద్ధతుల్లో చేర్చింది. 1955 ఆంధ్రరాష్ట్ర ఎన్నికలు ఆ నిబంధన కిందనే జరిగాయి. 1956 సవరణలో ఆ సెక్షను ఎగిరిపోయింది. 1957లో తెలంగాణ జిల్లాలు శాసనసభకూ, రాష్ట్రమంతా లోక్‌సభకూ ఓటు వేసినప్పుడు పోస్టరు విషయంలో ఎన్నికల చట్టం మౌనంగా ఉంది. 1867 చట్టమే దిక్కు. 1961లో 127-ఎ సెక్షను వచ్చింది. ఈసారి పేర్లు ఒక్కటే చాలవు. ప్రచురణకర్త తానెవరో తెలిపే ప్రకటనమీద సంతకం చేసి, తనను స్వయంగా ఎరిగిన ఇద్దరి సాక్షి సంతకాలతో రెండు ప్రతులు ముద్రాపకుడికి ఇవ్వాలి. ముద్రాపకుడు వాటిలో ఒకటి, పోస్టరు ప్రతితో సహా, రాజధానిలోనైతే ముఖ్య ఎన్నికల అధికారికి, మరోచోటనైతే జిల్లా మేజిస్ట్రేటుకు పంపాలి. తప్పితే ఆరునెలల దాకా ఖైదు, లేదా రెండువేల రూపాయల దాకా జుల్మానా, లేదా రెండూ. అచ్చువేసిన ప్రతులెన్ని, తీసుకున్న సొమ్మెంత అన్నది కూడా మూడురోజుల్లో తెలపాలని ఎన్నికల సంఘం 1994లో ఉత్తర్వు చేసింది. సభ ఎప్పుడు, ఎక్కడ అని మాత్రమే చెప్పే కరపత్రానికి ఈ బాధ లేదు.

ఆ సెక్షనులో ఒక చిన్న మాట నన్ను ఆకర్షించింది. చేత్తో నకలు రాయడం తప్ప, ప్రతులు పెంచే ఏ పద్ధతైనా ముద్రణ కిందే లెక్క. అంటే సైక్లోస్టైలు కూడా అచ్చే. ప్రెస్సు దగ్గరకు పోలేని సంఘాలకు ఆ సిరా రోలరే ఆధారమని మన పాఠకులకు చెప్పనక్కరలేదు. ఏభై కాగితాలు తీసిన కూలి సంఘం కార్యకర్తా, లక్షల పోస్టర్లు వేయించిన అభ్యర్థీ ఈ సెక్షను ముందు సమానులే.

ఈ సమానత్వాన్ని అమెరికా సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ఒహాయోలో మార్గరెట్ మెకింటైర్ అనే ఆమె 1988లో బడిపన్నుకు వ్యతిరేకంగా కరపత్రాలు పంచింది. కొన్నిటి మీద తన పేరు వేయలేదు. నూరు డాలర్లు జుల్మానా పడింది. 1995లో ఆ కోర్టు, అప్పటికే ఆమె మరణించినా, ఒహాయో చట్టాన్ని కొట్టేసింది. బలహీనుడికి అజ్ఞాతం ఒక రక్షణ అని తీర్పు సారం. ఆ వాదనలో నిజముంది. ఊరి పెత్తందారు మీద కరపత్రం వేసే కౌలురైతు పేరు వేసుకుంటే మర్నాడు పొలం ఉండకపోవచ్చు. కాని అదే తీర్పు నీడలో కోటీశ్వరుడు దాక్కుంటే? నా ఉద్దేశంలో చట్టం కొలవవలసింది కాగితాన్ని కాదు, దానిపై పెట్టిన ఖర్చును. చేతిఖర్చుతో వేసినదానికి మినహాయింపు ఇచ్చి, ఆపైన ఉన్నదానికి ప్రచురణకర్త పేరుతోపాటు డబ్బిచ్చినవాడి పేరు కూడా అడగాలి.

మన చట్టం డబ్బిచ్చినవాణ్ణి అడగదు. 1974లో కన్వర్‌లాల్ గుప్తా కేసులో, పార్టీ అభ్యర్థి కోసం పెట్టిన ఖర్చు కూడా అభ్యర్థి ఖర్చేనని సుప్రీంకోర్టు చెబితే, అదే ఏడు చట్టం సవరించి ఆ తీర్పును నిష్ఫలం చేశారు. పార్టీ ఖర్చుకు చట్టంలో పరిమితే లేదు. ఆపైన 2018లో ఎన్నికల బాండ్లు వచ్చాయి. చిన్న ఊరి అచ్చాపీసు యజమాని పేరు వేయకపోతే జైలు. కోట్లు పెట్టి బాండ్లు కొన్నవాడి పేరు ఓటరుకు తెలియకుండా దాచడానికి మాత్రం చట్టమే ఏర్పాటు చేసింది. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఆ పథకాన్ని కొట్టేసేవరకు ఆరేళ్లు ఈ రెండూ పక్కపక్కన నడిచాయి. ఆ తర్వాత రెండునెలలకు, ఏప్రిల్‌లో, హోర్డింగుల మీద కూడా ముద్రాపకుడి, ప్రచురణకర్త పేర్లు ఉండాలని ఎన్నికల సంఘం ఆదేశించింది. ఎవరు వేయించారో తెలియని హోర్డింగులు పురపాలక సంస్థల అధీనంలోని స్థలాల్లోనే కనబడుతున్నాయని దానికి ఫిర్యాదులు వచ్చాయి.