మాట మోసిన వాళ్ళు, మాట నిలబెట్టిన వాళ్ళు

దాదాపు రెండు వందల ఏళ్ళ కిందటే మన ఒంగోలు మనిషి ఒకాయన ఇంగ్లిష్‌లో తన జీవితకథ రాసుకున్నాడు. పేరు వెన్నెలకంటి సుబ్బారావు, పుట్టింది 1784లో. చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకుని, కుంపిణీ కచేరీల్లో పని వెతుక్కుంటూ ఇంగ్లిష్ పట్టుకున్నాడు. 1815 నుంచి 1829 దాకా మద్రాసు సదర్ అదాలతు కోర్టులో అనువాదకుడు, దుబాసీ. ఆయన 1839లో పోతే, 1873లో కొడుకు ఆ పుస్తకాన్ని అచ్చువేయించాడు. భారతీయులు ఇంగ్లిష్‌లో రాసుకున్న తొలి ఆత్మకథల్లో అదొకటి.

గుంటూరులో డిగ్రీ పిల్లలకి ఇంగ్లిష్ చెప్పి రిటైరైన వాణ్ణి నేను. ఇప్పుడు విదేశాలకి చదువుకి వెళ్ళే పిల్లల వ్యాసాలు దిద్దుతుంటాను. ఆ కాగితాలు చూస్తున్నప్పుడల్లా నాకు సుబ్బారావు గారే గుర్తొస్తారు. దుబాసీ పనేమిటి? కక్షిదారు చెప్పింది పొల్లు పోకుండా దొర చెవిన వేయడం, దొర అన్నది తిరిగి కక్షిదారుకి చెప్పడం. అందులో ఎంత నిజమో తేల్చడం దుబాసీ పని కాదు, తన అభిప్రాయానికి అక్కడ చోటు లేదు. ఆ ఉద్యోగం చేసి కూడా తన బతుకు తానే చెప్పుకోవాలని కూర్చున్నాడు చూడండి, అదీ ఆయన గొప్పతనం. మిగతా మనందరికీ మాత్రం ఇంగ్లిష్ ఆ కచేరీ గుమ్మం దగ్గరే పరిచయమైంది. ఒకరి మాట మోయడానికి పనికొచ్చే భాషగానే మన నల్లరేగడిలో వేళ్ళు దిగింది.

1842లో ఫాదర్ హేయర్ గుంటూరు వచ్చాడు. అమెరికా లూథరన్ల తరఫున వచ్చిన ఈ మిషనరీ పుట్టుకతో జర్మన్. చిన్న వయసులో అమెరికా చేరిన వలసదారు. అంటే గుంటూరులో ఇంగ్లిష్ బడికి పునాది వేసిన మనిషికి కూడా ఇంగ్లిష్ అమ్మ ఒడిలో వచ్చిన భాష కాదు. నేర్చుకున్న భాష. కష్టపడి నేర్చుకున్నవాడు మరొకరికి నేర్పడమనే ఆనవాయితీ మన ఊళ్ళో ఆ రోజునే మొదలైందనుకోవచ్చు. ఆ మిషన్ చదువులే పెరిగి 1885లో కాలేజీ అయ్యాయి. ఈనాటి ఆంధ్ర క్రైస్తవ కళాశాల, మనందరి నోట ఏసీ కాలేజీ, అదే.

కాలేజీలతో పాటు పరీక్షలొచ్చాయి, పరీక్షలతో పాటు గైడ్లొచ్చాయి. ప్రశ్నకి జవాబు ముందే ఎవరో రాసిపెడతారు, కుర్రాడు కంఠస్థం చేసి హాల్లో దింపుతాడు. దుబాసీ కక్షిదారు మాట మోస్తే ఇతను గైడు మాట మోస్తాడు. నా ఉద్యోగ కాలమంతా ఆ జవాబులకి మార్కులు వేస్తూనే గడిచింది. అందులో చక్కటి ఇంగ్లిష్ ఉండేది, రాసినవాడు మాత్రం ఎక్కడా కనిపించేవాడు కాదు.

ఈ దారి వదిలి నడిచినవాళ్ళు ఆ రోజుల్లోనే కొందరున్నారు. టంగుటూరి ప్రకాశం 1904లో ఇంగ్లండు వెళ్ళి బారిస్టరై తిరిగొచ్చాడు. సత్తెనపల్లి వైపు వేములూరుపాడులో పుట్టిన ఉన్నవ లక్ష్మీనారాయణ 1913లో డబ్లిన్ వెళ్ళి బారిస్టరు చదివాడు. ఐర్లండులో చదువుకొచ్చి, జైల్లో కూర్చుని తెలుగులో ‘మాలపల్లి’ రాశాడు. బారిస్టర్లకి కావలసిన ఇంగ్లిష్ వాదించే ఇంగ్లిష్. అది కోర్టుకి సరిపోతుంది. విశ్వవిద్యాలయం అడిగేది దానికంటే కొంచెం వేరు.

ఆ వేరు ఏమిటో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యని చూస్తే తెలుస్తుంది. 1911లో ఎడింబరో వెళ్ళి ఎం.ఏ. చదివాడు. అక్కడ ఉండగా కళాపండితుడు ఆనంద కుమారస్వామితో కలిసి నందికేశ్వరుడి ‘అభినయ దర్పణం’ ఇంగ్లిష్‌లోకి తెచ్చాడు. 1917లో హార్వర్డ్ యూనివర్సిటీ ప్రెస్ దాన్ని ప్రచురించింది. ఏ చెయ్యి ఎలా పడితే ఏ అర్థమో చెప్పే శాస్త్రం అది. కవిత్వం పలికితే కుదరదు, ఒక్క మాట అటూ ఇటూ అయితే ముద్ర మారిపోతుంది. నాట్యం తెలియని అమెరికా పాఠకుడికి కూడా అర్థం కావాలి. అంత కచ్చితమైన ఇంగ్లిష్ రాయడానికి ఆయనకి అండగా నిలిచింది సంస్కృతం, నాట్యశాస్త్రం మీద ఇష్టం. 1921లో చీరాల-పేరాల ఉద్యమం నడిపిన ఆంధ్రరత్నగానే జనం ఆయన్ని తలుచుకుంటారు. ఇంగ్లిష్ మాస్టరుగా నాకు ఎడింబరో రోజులు కూడా అంతే ముఖ్యం.

ఇక నిడుబ్రోలు రంగా గారు. 1900లో రైతు ఇంట పుట్టి, ఆక్స్‌ఫర్డ్‌లో అర్థశాస్త్రం చదివి, బి.లిట్. పట్టాతో తిరిగొచ్చి మద్రాసు పచ్చయప్ప కాలేజీలో ప్రొఫెసరయ్యాడు. ఆయన ‘భారత గ్రామాల ఆర్థిక వ్యవస్థ’ గ్రంథం మొదటి సంపుటం 1926లో వచ్చింది. అది డెల్టా పల్లెల మీద. 1930లో చేనేత ఆర్థిక పరిస్థితి మీద మరో పుస్తకం వేశాడు. ఆక్స్‌ఫర్డ్ నేర్పిన పద్ధతిని మన పల్లె మీద పెట్టి చూశాడు. ఎవరికి ఎంత ఆదాయం, కూలి ఎంత, అప్పు ఎంత అని అడిగి, లెక్క తీసి, ఆ లెక్క మీద తన మాట నిలబెట్టాడు. ఆక్స్‌ఫర్డ్ గ్రంథాలయంలో దొరకని సరుకు ఆయన దగ్గరుంది. దాన్ని ఆక్స్‌ఫర్డ్ కాదనలేని తీరులో పెట్టడమే ఆయన నేర్చుకొచ్చిన విద్య.

ఆయన పేరు పెట్టుకున్న వ్యవసాయ విశ్వవిద్యాలయం ఇప్పుడు గుంటూరు పక్కన లాంలో ఉంది. అది 1964లో హైదరాబాదులో మొదలైంది. అమెరికాలోని కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీ తొలి రోజుల్లో తోడ్పడింది. 1945 నాటి బాపట్ల వ్యవసాయ కళాశాల కూడా దాని కిందికే చేరింది. రైతులు ఇప్పటికీ ‘మూడు ముప్పై నాలుగు’ అని పిలిచే మిరప రకం, ఎల్‌సీఏ 334, లాం ఫారంలో పుట్టిందే. ఇలాంటి రకం గురించి శాస్త్రవేత్త రాసేది ఇంగ్లిష్ పత్రమే. ఎన్ని మళ్ళలో వేశాం, దిగుబడి ఎంత, ఏ తెగులుకి ఎంత తట్టుకుంది, ఎక్కడ తట్టుకోలేదు అన్నది చెప్పి తీరాలి. ఆ చివరి మాట దాచిపెడితే రాసింది చెల్లదు.

ఇక డాక్టర్లు. 1946లో మొదలైన గుంటూరు మెడికల్ కాలేజీ పట్టభద్రులు 1965 తర్వాత, అమెరికా వలస చట్టం మారాక, గుంపులుగా అట్లాంటిక్ దాటారు. వాళ్ళ సంగతి ఒక్క మాటలో తేల్చవచ్చు. వాళ్ళకి పరీక్షలో ఇంగ్లిష్ ఉంది, ఆస్పత్రిలో రోగి ఉన్నాడు. భాష పని మీదే పదునెక్కింది. తర్వాతి తరానికి ముందు 1964లో పుట్టిన టోఫెల్, ఆ తర్వాత 1989లో వచ్చిన ఐఈఎల్‌టీఎస్ గుమ్మం దగ్గర నిలబడ్డాయి. బ్రాడీపేట, అరండల్‌పేట లైన్లలో నడుస్తుంటే ప్రతి అడ్డరోడ్డుకీ ఒక కోచింగ్ బోర్డు. ఐఈఎల్‌టీఎస్‌లో రాత భాగం గంటసేపు. ఇరవై నిమిషాల్లో గ్రాఫు మీద నూటయాభై మాటలు, నలభై నిమిషాల్లో వ్యాసం రెండు వందల యాభై మాటలు. అన్ని ప్రశ్నలకీ పనికొచ్చే తయారీ వాక్యాలు కోచింగ్‌లో బట్టీ పట్టిస్తారు. పాత గైడే కొత్త అట్ట వేసుకుంది. బ్యాండు వస్తుంది, వీసా వస్తుంది, విమానం ఎక్కుతారు. అసలు రాత అక్కడ దిగాక మొదలవుతుంది.

మొన్నామధ్య పల్నాడు వైపు కుర్రాడు ఒకడు ఆస్ట్రేలియా నుంచి ఫోన్ చేశాడు. పంట ధరల మీద వ్యాసం ఇస్తే, మూడొంతులు ఎక్కడెక్కడి నుంచో ఎత్తినదేనని కంప్యూటరు పట్టేసిందట.

“పుస్తకంలో ఉన్నదే కదా మాస్టారూ రాశాను, తప్పేంటి?”

“తప్పు సంగతి తర్వాత చూద్దాం గానీ అబ్బాయ్, కిందటేడు మీ నాన్న మిరపకాయలు యార్డుకి తోలాడా, కోల్డ్ స్టోరేజీలో పెట్టాడా?”

స్టోరేజీలోనే పెట్టాడట. ఎందుకు పెట్టాడో, స్టోరేజీ బాండు మీద ఎంత అప్పు తెచ్చాడో, వడ్డీ, అద్దె పోను ఏం మిగిలిందో గుక్క తిప్పుకోకుండా తెలుగులో చెప్పాడు. “మీ నాన్న ఒక్కడి లెక్కతో జిల్లా రైతులందరి గురించీ చెప్పొచ్చా?” అన్నాను. కాసేపు ఆగి, “చెప్పకూడదు మాస్టారూ, ఇలా జరిగే వీలుందని మాత్రం అనొచ్చు” అన్నాడు. విశ్వవిద్యాలయం ఇంగ్లిష్‌లో సగం పాఠం ఆ జవాబులోనే ఉంది. మిగతా సగం, ఏ మాట ఎవరిదో వాళ్ళ పేరు చెప్పి వాడుకోవడం. కల్లంలో తాలు కాయ ఏరి పక్కన పోసినట్టే, తనకి తెలిసింది ఒకవైపు, ఒకరు చెప్పగా విన్నది ఒకవైపు, ఊహించింది ఇంకోవైపు పెట్టుకోవాలి. ఈ వేరు చేయడం వాడికి వచ్చు. రాతలో చెయ్యాలని ఎవరూ చెప్పలేదు, అంతే.

అందుకే మన పిల్లలకి ఇంగ్లిష్ రాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మోసే ఇంగ్లిష్ రెండు వందల ఏళ్ళుగా వచ్చు. నిలబెట్టే ఇంగ్లిష్ కూడా మన నేల మీదే, నిడుబ్రోలులోనే ఉంది. దాన్ని తరగతి గదిలోకి తేలేదు. డిగ్రీ ఆఖరి ఏడు ప్రతి విద్యార్థి చేతా తన ఊరి పంటో, నీళ్ళో, అప్పో తీసుకుని ఒక వ్యాసం రాయించాలి. నలుగురిని అడిగి, రెండు పుస్తకాలు చదివి, ఎవరి మాట ఎక్కడ వాడుకున్నాడో చెప్పి రాయాలి. ముందు తెలుగులో ఆలోచించుకున్నా పరవాలేదు. వ్యాకరణం దిద్దడానికి నాలాంటి వాళ్ళం గుంటూరు నిండా ఉన్నాం. చెప్పే విషయం మాత్రం వాడే తెచ్చుకోవాలి.