పలాస నుంచి మట్కా దాకా: కరుణ కుమార్ ప్రయాణం

 ఈ ఎపిసోడ్‌లో ఒక డైరెక్టర్ గురించి మాట్లాడుకుందాం. పేరు కరుణ కుమార్. మన శ్రీకాకుళం జిల్లా మనిషి. తీసినవి తక్కువే. కానీ ఆ తక్కువలోనే మన ఉత్తరాంధ్ర కథ చాలా ఉంది.

ముందు ఒక్కటి గుర్తు చేసుకోండి. తెలుగు సినిమాలో మన యాస ఎవరి నోట వింటాం? వాచ్‌మన్, పనిమనిషి, లేదంటే కమెడియన్. "ఏటి", "సెప్పు" అనగానే హాల్లో నవ్వాలి, అంతే. మాది రామతీర్థం. బీటెక్‌లో నేను నోరు తెరిస్తే చాలు, వెనక బెంచీలో మిమిక్రీ మొదలయ్యేది. అందుకే 2020 మార్చి 6న వచ్చిన 'పలాస 1978' నాకు మామూలు సినిమా కాదు. అందులో హీరో కోపం, ప్రేమ, ఏడుపు అన్నీ ఆ యాసలోనే. ఎవరూ నవ్వలేదు.

కథ పలాసది. పలాస-కాశీబుగ్గ అంటే జీడిపప్పు అని చిన్నపిల్లాడైనా చెబుతాడు. ఆ జీడి వ్యాపారం చేసే షావుకార్లు, వాళ్ల కింద బతికే దళిత కుటుంబం. మోహనరావు, రంగారావు అన్నదమ్ములు. ఆడి పాడే కళాకారుల ఇంటి పిల్లలు. షావుకార్లలో పెద్దాయనకీ చిన్నాయనకీ పడదు. ఆ గొడవలో కొట్టడానికి, కొట్టించుకోవడానికి ఈ పిల్లలు కావాలి. పని అయిపోయాక మాత్రం గడప దాటనివ్వరు. రక్షిత్ అట్లూరి మోహనరావు, తిరువీర్ రంగారావు. తిరువీర్ తెలంగాణ కుర్రాడు, అయినా పలాసలో పుట్టినట్టే ఉంటాడు. సంగీతం ఇచ్చిన రఘు కుంచె గారే షావుకారు వేషం కూడా కట్టారు. సెబాస్టియన్ అని ఒక పోలీసు పాత్ర ఉంటుంది, అంబేద్కర్ మాట పట్టుకుని నిలబడే మనిషి. కత్తి పట్టినోడికీ చదువు పట్టినోడికీ మధ్య వాదన వాళ్లిద్దరిదీ. నాకైతే సినిమా మొత్తానికీ అదే గుండెకాయ.

అదృష్టం చూడండి, రిలీజై రెండు వారాలు తిరగకముందే కరోనాతో హాళ్లు మూతపడ్డాయి. చాలామంది ఫోన్లోనే చూశారు. నేనూ అంతే.

అప్పటికి రెండేళ్ల ముందే, 2018లో, వెంకటేష్ మహా వైజాగ్ కంచరపాలెం వాళ్లనే నటులుగా పెట్టి 'కేరాఫ్ కంచరపాలెం' తీశారు. ఆ దారి పడి ఉండబట్టి పలాసకి కొంచెం ధైర్యం వచ్చిందనుకుంటాను.

2020 ఆగస్టులో ఆహాలో 'మెట్రో కథలు' వచ్చింది, మహమ్మద్ ఖదీర్‌బాబు గారి కథలతో. తర్వాత 2021లో 'శ్రీదేవి సోడా సెంటర్'. సుధీర్ బాబు హీరో, మణిశర్మ సంగీతం. ఊరు మారి కోనసీమ అయింది. హీరో లైటింగ్ పని చేసేవాడు, హీరోయిన్ వాళ్లది సోడా షాపు. మొదటి సగం పాటలు, పడవ పందెం, ఫైట్లు. చివరికి వచ్చేసరికి కులం, పరువు పేరుతో జరిగే ఘోరం. ఆ చివరి భాగం ఒప్పుకుంటాను, గట్టిగా తీశారు. కానీ అక్కడికి చేరడానికి స్టార్ సినిమా టోల్‌గేట్లన్నీ దాటాల్సి వచ్చింది. 2022 'కళాపురం' కామెడీ. దాని గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు.

ఇక 2024 నవంబరులో 'మట్కా'. వరుణ్ తేజ్. కథ వైజాగ్‌లో, 1958 నుంచి 1982 దాకా. హీరో వాసు బర్మా నుంచి శరణార్థిగా వస్తాడు. ఇక్కడ ఆగుదాం. ఎందుకంటే మన ఊళ్లలో ముసలివాళ్లని అడిగితే రంగూన్ పేరు తప్పకుండా వస్తుంది. బ్రిటిష్ కాలంలో ఇక్కడి నుంచి వేలమంది ఓడెక్కి రంగూన్ రేవులో, బియ్యం మిల్లుల్లో కూలికి పోయారు. 1942లో జపాన్ దాడికి కొందరు అడవుల్లో నడిచి వెనక్కొచ్చారు. 1962లో సైన్యం పాలన వచ్చాక ఇంకొందరు. వైజాగ్‌లో బర్మా క్యాంపు అనే పేరు ఊరికే రాలేదు. ఇంత పెద్ద కథ చేతిలో ఉంది, సినిమా మాత్రం దాన్ని గేటు దగ్గరే వదిలేసి జూదం రాజు కథలోకి పరిగెత్తింది. పాత వైజాగ్‌కేమో హైదరాబాద్ రామోజీ ఫిల్మ్ సిటీలో సెట్ వేశారు. సినిమా ఆడలేదు.

స్పెయిన్‌లో ఆల్మోదోవార్ అని ఒకాయన ఉన్నారు. టెలిఫోన్ కంపెనీలో ఉద్యోగం చేస్తూ, ఖాళీ దొరికినప్పుడు స్నేహితులతో సినిమా తీసేవారు. మొదటి పెద్ద సినిమా 1980లో. పూర్తి నిడివి ఇంగ్లిష్ సినిమా తీసింది 2024లో, దానికే వెనిస్‌లో గోల్డెన్ లయన్ వచ్చింది. మధ్యలో నలభై ఏళ్లు తన భాషలోనే, తన మనుషుల మీదే తీశారు. ఆయనకి అంత టైమ్ దొరికింది. మన దగ్గర చిన్న సినిమా బాగుందంటే చాలు, రెండోదానికే డైరెక్టర్ చేతిలో హీరోని పెడతారు. హీరో వస్తే బడ్జెట్, బడ్జెట్ వస్తే ఫైట్లు. ఈ లెక్కలో తప్పు కరుణ కుమార్ గారొక్కరిదే అనలేను.

'పలాస 1978' చూడనివాళ్లు ఈ వారం చూడండి, ఇంట్లో అమ్మమ్మతోనో తాతతోనో కూర్చుని. అందులో ఏ మాట మీ ఇంట్లో ఇంకా వినిపిస్తుందో కింద కామెంట్లో పెట్టండి. వచ్చే ఎపిసోడ్ బర్మా క్యాంపు మీద చేస్తాను. రంగూన్ నుంచి వచ్చినవాళ్లు మీ ఇంట్లో ఉంటే మెసేజ్ చెయ్యండి, వాళ్ల మాటలు రికార్డ్ చేసుకుందాం.