చూడని సేద్యం

2012 మే 7, సోమవారం. ఇంగ్లండ్ ఉత్తరాన బ్లాక్‌బర్న్ ఊళ్లో వాన పడుతోంది. ఈవుడ్ పార్క్ మైదానంలోకి ఎవరో అభిమాని ఒక కోడిని వదిలాడు. దాని ఒంటికి ఆ ఊరి జట్టు రంగుల జెండా చుట్టి ఉంది. ఆ రోజు విగన్ జట్టుతో ఆట. ఓడితే ప్రీమియర్ లీగ్ నుంచి జారిపోవడమే. కోడి తడిసిన గడ్డి మీద దిక్కు తెలియక అటూ ఇటూ తిరిగింది. 87వ నిమిషంలో విగన్ ఆటగాడు అల్కరాజ్ తలతో కొట్టిన బంతి గోల్‌లో పడింది. బ్లాక్‌బర్న్ రోవర్స్ కింది మెట్టుకు పడింది. పదకొండేళ్ల ఎడతెగని కాపురం అలా ముగిసింది.

మరునాడు లోకమంతా ఆ కోడి బొమ్మ చూసి నవ్వింది. తెలుగువాళ్లం మాత్రం నవ్వలేం. ఆ కోడి మన ఇంటిది.

ప్రొద్దుటూరులో ఏ గుడ్ల అంగడి ముందు నిలబడినా పొద్దున్నే ఒక మాట వినిపిస్తుంది: "ఈరోజు నెక్ ధరెంత?" పులివెందులలో చిల్లర కొట్టు పెట్టుకున్న అమ్మ కూడా ఆ ధర తెలుసుకున్నాకే ట్రే కొంటుంది. ఆ ధర వెనుక ఒక మనిషి ఉన్నారు. హైదరాబాదులో పుట్టిన బండా వాసుదేవరావు, అందరికీ తెలిసిన పేరు బి.వి.రావు. 1971లో వెంకటేశ్వర హ్యాచరీస్ మొదలుపెట్టి, పూణే కేంద్రంగా దేశమంతటా కోళ్ల పెంపకాన్ని ఒక పరిశ్రమగా నిలబెట్టారు. ఆ రోజుల్లో కోళ్ల రైతు చేతిలో దాణా ధరా లేదు, గుడ్డు ధరా లేదు. దళారి ఎంతంటే అంత. బి.వి.రావు ఊరూరా తిరిగి రైతులను ఒకచోట కూర్చోబెట్టారు. 1982లో జాతీయ గుడ్ల సమన్వయ సంఘం పుట్టింది. అంగట్లో వినిపించే నెక్ అదే. నా గుడ్డు, నా ధర, నా బతుకు అన్నది దాని నినాదం. సాకినవాడికే ధర చెప్పే హక్కు ఉండాలన్నది ఆయన నమ్మకం. 1996లో ఆయన కన్నుమూశారు.

ఆయన పోయిన పద్నాలుగేళ్లకు ఆయన సంతానం, కూతురు అనురాధా దేశాయ్, కొడుకులు వెంకటేశ్ రావు, బాలాజీ రావు, ఇంగ్లండ్‌లో ఒక ఫుట్‌బాల్ క్లబ్బు కొన్నారు. అదే బ్లాక్‌బర్న్ రోవర్స్.

ఆ ఊరు మనకు పరాయిది అనిపిస్తుంది గానీ, మన మగ్గాలకు బాగా తెలిసిన ఊరే. స్పిన్నింగ్ జెన్నీ కనిపెట్టిన హార్‌గ్రీవ్స్ ఆ పరిసరాల వాడే. లాంకషైర్ మిల్లుల బట్ట ఓడల్లో దిగాక మన ప్రొద్దుటూరు, జమ్మలమడుగు సీమల్లోని చేనేత ఇళ్లల్లో ఎన్ని పొయ్యిలు ఆరిపోయాయో లెక్కలేదు. స్వదేశీ ఉద్యమంతో మిల్లులు మూతపడి ఆ ఊరివాళ్లకూ కూలి పోయింది. 1931 సెప్టెంబరులో గాంధీజీ బ్లాక్‌బర్న్ పక్కనున్న డార్వెన్‌కు వెళ్లి, పని పోయిన మిల్లు కార్మికుల మధ్య నిలబడ్డారు. తమ పొట్ట కొట్టిన మనిషి అని వాళ్లు రాళ్లు విసరలేదు. ఆప్యాయంగా చుట్టూ చేరారు. ఆ ఊరి మంచితనం అలాంటిది. తర్వాత మిల్లుల్లో రాత్రి షిఫ్టులు నడపడానికి గుజరాత్ నుంచి, పాకిస్తాన్ నుంచి మనుషులు వెళ్లారు. వాళ్ల పిల్లలు అక్కడే పెరిగారు.

మిల్లులు పోయాక ఆ ఊరికి మిగిలిన పెద్ద పేరు ఫుట్‌బాల్ జట్టే. 1875లో పుట్టింది. 1888లో ఫుట్‌బాల్ లీగ్ మొదలైనప్పుడూ, 1992లో ప్రీమియర్ లీగ్ మొదలైనప్పుడూ ఉన్న మూడు జట్లలో అదొకటి. ఎఫ్.ఏ. కప్పు ఆరుసార్లు గెలిచింది. నేర్పుతో, కష్టంతో అన్నది దాని లాటిన్ నినాదం అర్థం.

ఆ ఊరికి జాక్ వాకర్ అనే బిడ్డ ఉండేవాడు. తండ్రి పెట్టిన చిన్న రేకుల పనిని అన్నదమ్ములిద్దరూ పెద్ద ఉక్కు వ్యాపారం చేశారు. దాన్ని బ్రిటిష్ స్టీల్‌కు అమ్మి, ఆ డబ్బుతో 1991లో తన చిన్ననాటి జట్టును చేతుల్లోకి తీసుకున్నాడు. కెన్నీ డల్‌గ్లీష్‌ను మేనేజర్‌గా రప్పించాడు. ఆలన్ షియరర్‌ను కొన్నాడు. 1994–95 సీజన్‌లో షియరర్ లీగ్‌లో 34 గోల్స్ కొట్టాడు. 1995 మే 14న లివర్‌పూల్ మైదానంలో ఆఖరి ఆట ఓడినా, అదే గంటలో మాంచెస్టర్ యునైటెడ్ గెలవలేకపోవడంతో బ్లాక్‌బర్న్ ఇంగ్లండ్ ఛాంపియన్ అయింది. 81 ఏళ్ల తర్వాత దక్కిన కిరీటం అది. మాంచెస్టర్, లండన్‌ల పక్కన నిలబడి ఒక మిల్లు ఊరు తలెత్తుకున్న రోజు. 2000 ఆగస్టులో వాకర్ పోయాడు. జట్టు ఆయన కుటుంబ ట్రస్టు చేతికి వచ్చింది. కొన్నేళ్లకు ట్రస్టు కొనేవాళ్ల కోసం వెతకడం మొదలుపెట్టింది.

2010 శరదృతువంతా ఆ ఊరు ఎదురుచూపుల్లోనే గడిపింది. గల్ఫ్ నుంచి వచ్చిన ఒక వ్యాపారితో బేరం తెగలేదు. తర్వాత పూణే నుంచి బి.వి.రావు కుటుంబపు కంపెనీ వెంకీస్ పేరు వినిపించింది. కోళ్ల కంపెనీకి బంతి ఆట ఏం తెలుసు అని కొందరు గొణిగారు. డబ్బున్న కుటుంబం, ఆటగాళ్లను కొంటారు, వాకర్ రోజులు తిరిగొస్తాయని ఎక్కువమంది ఆశపడ్డారు. ప్రీమియర్ లీగ్ అనుమతి ఎప్పుడు వస్తుందా అని చూశారు. ఇలాంటి ఎదురుచూపు న్యూకాజిల్ అభిమానులూ పడ్డారు. సౌదీ పెట్టుబడి నిధి కొనుగోలు 2020 ఏప్రిల్ నుంచి 2021 అక్టోబరు 7 దాకా నలిగింది. ఏడాదిన్నర పాటు ఆ ఊరు ఆశకూ అవమానానికీ మధ్య ఊగింది. అనుమతి ఇచ్చేవాళ్లు కొనేవాడి ఆస్తి చూస్తారు, మీద కేసులున్నాయేమో చూస్తారు. గడ్డి మీద కాలు పెడతాడా, జనం మాట వింటాడా అన్న ప్రశ్నకు ఆ కాగితాల్లో చోటు లేదు.

2010 నవంబరు 19న బేరం పూర్తయింది. ధర 2.3 కోట్ల పౌండ్లు, పైన క్లబ్బు అప్పులు. ప్రీమియర్ లీగ్‌లో భారతీయులు కొన్న మొదటి క్లబ్బు అది. వాకర్ వారసత్వాన్ని కాపాడతామని కొత్త యజమానులు మాట ఇచ్చారు.

ఇరవై నాలుగు రోజులకు, డిసెంబరు 13న, మేనేజర్ శామ్ అలర్‌డైస్‌ను తీసేశారు. అప్పటికి జట్టు పట్టికలో 13వ స్థానంలో ఉంది. మునిగిపోతున్నదేమీ కాదు. కోచ్‌గా ఉన్న స్టీవ్ కీన్‌కు పగ్గాలిచ్చారు. అంతకు ముందు ఏ క్లబ్బుకూ అతను పూర్తి మేనేజర్‌గా చేయలేదు. ఆ సీజన్ ఆఖరి రోజున ఎలాగో గట్టెక్కారు. వేసవిలో ఊరు పెంచిన కుర్రాడు ఫిల్ జోన్స్ మాంచెస్టర్ యునైటెడ్‌కు వెళ్లిపోయాడు. జట్టు ఆటగాళ్లు డ్రెస్సింగ్ రూంలో కూర్చుని కోడి కాళ్లు తింటున్న వ్యాపార ప్రకటన వచ్చింది. 2011 అక్టోబరులో, సీజన్ మధ్యలో, జట్టును పూణే పిలిపించి అక్కడి జట్టుతో స్నేహపూర్వక ఆట ఆడించారు. ఊళ్లో మాత్రం ప్రతి ఆట తర్వాతా కీన్ దిగిపోవాలని కేకలు. డిసెంబరు 31న మాంచెస్టర్ యునైటెడ్‌ను వాళ్ల సొంత మైదానంలో 3-2తో ఓడించారు. దీపం ఆరే ముందు వెలుగు అది. మే నెలలో కోడి వచ్చింది.

తర్వాతి సీజన్‌లో కీన్ రాజీనామా చేశాడు. ఒకప్పుడు ఆ జట్టుతో ఛాంపియన్‌షిప్ గెలిచిన హెన్నింగ్ బెర్గ్‌ను మేనేజర్‌గా తెచ్చి 57 రోజులకు పంపేశారు. ఆ తర్వాత వచ్చిన మైఖేల్ ఆపిల్టన్ 67 రోజులున్నాడు. ఒక చేనికి ఒకే కారులో ముగ్గురు కౌలుదార్లు మారితే పంట ఏమవుతుందో మాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 2017 మే 7న, మొదటి పతనానికి సరిగ్గా ఐదేళ్లకు, బ్రెంట్‌ఫర్డ్‌పై 3-1తో గెలిచి కూడా గోల్స్ తేడాలో వెనకబడి మూడో అంచెకు పడిపోయారు. ప్రీమియర్ లీగ్ గెలిచిన క్లబ్బు అంత కిందికి పడటం అదే మొదటిసారి.

టోనీ మోబ్రే మేనేజర్‌గా ఒక్క ఏడాదిలోనే రెండో అంచెకు లేచారు. అక్కడి నుంచి పైకి పోలేదు. 2022–23లో గోల్స్ తేడాతో ప్లే-ఆఫ్ చేజారింది. 2024–25లోనూ ఏడో స్థానమే. ఆ ఏడాది మధ్యలోనే మేనేజర్ వేరే క్లబ్బుకు వెళ్లిపోయాడు. అక్కడే పెరిగిన కుర్రాడు ఆడమ్ వార్టన్‌ను, 27 లీగ్ గోల్స్ కొట్టిన స్మోడిక్స్‌ను ఒకరి తర్వాత ఒకరిని అమ్మారు. 2025లో ఆడపిల్లల జట్టు రెండో అంచె లీగ్ నుంచి తప్పుకుంది.

యజమానులు డబ్బు పెట్టలేదా అంటే పెట్టారు. ఇన్నేళ్లలో 20 కోట్ల పౌండ్లకు పైగా పోశారు. ఆ మాట చెప్పకపోతే అన్యాయం. కానీ ఒక దశలో ఆ డబ్బుకూ అనుమతి కావాల్సి వచ్చింది. విదేశాలకు పంపిన సొమ్ముపై ఇ.డి. దర్యాప్తు మొదలయ్యాక, క్లబ్బుకు నిధులు పంపడానికి ఢిల్లీ హైకోర్టు గడప ఎక్కాల్సి వచ్చింది. పంపినంత మొత్తానికి ఇక్కడ హామీ చూపాలన్న షరతు మీద కోర్టు ఒప్పుకుంది. ఒకప్పుడు కొనుగోలుకు అనుమతి వస్తుందా అని చూసిన బ్లాక్‌బర్న్ అభిమానులు, ఢిల్లీలో వాయిదా ఎప్పుడా అని చూసే దశకు వచ్చారు. లాంకషైర్‌లో టికెట్టు కొన్న ముసలాయన గుండె ఢిల్లీ కోర్టు తేదీల మీద కొట్టుకుంది.

ఈ ఎదురుచూపు రుచి జమ్మలమడుగుకు తెలుసు. ఉక్కు ఫ్యాక్టరీకి 2007లో ఒక శంకుస్థాపన, 2018లో ఒకటి, 2019లో ఒకటి, 2023లో మరొకటి. ప్రతిసారీ పెట్టుబడిదారు పేరు మారింది. ఒకసారి బ్రిటన్ నుంచి లిబర్టీ స్టీల్ పేరు కూడా వచ్చి పోయింది. ప్రతిసారీ ఊళ్లో కుర్రాళ్లు బయోడేటాలు జిరాక్సు తీయించుకున్నారు. రాళ్లు మిగిలాయి. ఎక్కడో దూరాన కూర్చున్న వాళ్ల సంతకం మీద తమ బతుకు ఆగిపోవడం అంటే ఏమిటో మనకు తెలుసు కాబట్టే బ్లాక్‌బర్న్ దుఃఖం మనకు అర్థమవుతుంది.

మా పెద్దలు ఒక మాట అంటారు: అడగని అప్పు, చూడని సేద్యం చెడుతుంది. పులివెందుల దగ్గర చీనీ తోట కొని బెంగళూరులోనో కువైట్‌లోనో కూర్చుంటే ఏమవుతుంది? డబ్బు పంపుతాడు, ఎరువు వస్తుంది, బోరు వేస్తారు. ఆకు పచ్చ మారిందా, కొమ్మ ఎండిందా, నీళ్లు ఏ చెట్టుకు అందలేదు అన్నది తోటలో నడిచేవాడికే తెలుస్తుంది. నమ్మి అప్పగించిన మనిషి మంచివాడైతే సరే. కాకపోతే తోట పోయాక గానీ తెలియదు. వెంకీస్ కుటుంబానికి ఫుట్‌బాల్ తెలియదు. అది తప్పు కాదు. తెలియనప్పుడు తోటలో నడవాలి, పాలేరుతో మాట్లాడాలి, చెట్టు కింద కూర్చోవాలి. మొదట్లో ఈవుడ్ పార్కుకు వచ్చిన యజమానులు అభిమానుల కోపం పెరిగాక కనబడటమే అరుదైపోయింది. చేను అడ్డం తిరిగిన రోజునే రైతు చేలోకి దిగాలి. వాళ్లు ఆ రోజునే గట్టు దిగి వెళ్లిపోయారు.

నన్ను ఎక్కువ బాధించేది ఒకటి. బి.వి.రావు జీవితమంతా చెప్పింది, సాకినవాడి మాట వినండి అనే. రైతును పిలిచి, ఎదురుగా కూర్చోబెట్టి, నీ గుడ్డుకు నువ్వే ధర చెప్పు అన్న మనిషి ఆయన. బ్లాక్‌బర్న్ జట్టును నూట ముప్పై ఏళ్లు సాకింది ఎవరు? మిల్లులో పనిచేసి శనివారం మధ్యాహ్నం టికెట్టు కొన్న వాళ్లు. వాళ్లను ఎదురుగా కూర్చోబెట్టి నీ జట్టు ఎలా ఉండాలి అని అడగాల్సింది. ఆ కోడి మైదానంలోకి వచ్చి అడిగింది అదే. పెద్దాయన కోళ్ల రైతుకిచ్చిన గౌరవం, ఆ ఊరివాళ్లకు దక్కలేదు.

ఇప్పుడు తెలుగువాళ్లు దేశదేశాల్లో జట్లు కొంటున్నారు. రాజాంలో మొదలైన జి.ఎం.ఆర్. గ్రూపు 2024లో ఇంగ్లండ్‌లోనే హాంప్‌షైర్ క్రికెట్ కౌంటీలో పెద్ద వాటా తీసుకుంది. రేపు మరికొందరు కొంటారు. గర్వపడదాం. కొనబోయే ప్రతి ఒక్కరికీ కడప జిల్లా నుంచి ఒక విన్నపం. కాగితాల మీద సంతకం పెట్టేముందు ఒకసారి బ్లాక్‌బర్న్ వెళ్లండి. ఈవుడ్ పార్కు బయట జాక్ వాకర్ విగ్రహం ఉంది. దాని దగ్గర ఆగి, అక్కడికి వచ్చే ఏ ముసలాయననైనా పలకరించి, ఆయన చెప్పేది పూర్తిగా వినండి. ఆ తర్వాత కొనండి. కొన్నాక చేను చూడటానికి రండి.